తాడు లాగేది ఛాసిస్‌నే

ముందు వించ్ బిగించిన జీపు కనిపిస్తే చూపు మోటారు మీదే నిలుస్తుంది. నేను మాత్రం వంగి బంపర్ వెనక చూస్తాను. అది ఛాసిస్‌ను ఎక్కడ పట్టుకుంది, ఎన్ని బోల్టులతో పట్టుకుంది? బురదలో దిగబడ్డ బండిని వించ్ ఒక్కటే బయటికి తేలేదు. తాడు నుంచి డ్రమ్ముకు, డ్రమ్ము నుంచి ప్లేటుకు, ప్లేటు నుంచి ఛాసిస్‌కు ఆ లాగుడు సాఫీగా సాగాలి. సొంత బంపర్ కట్టడంలో పనితనమంతా ఇదే.

ఈ పని అమెరికాలో విల్లీస్ జీపులతో పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అవి మామూలు జనం చేతికొచ్చాయి. కాలిఫోర్నియా కొండల్లోని రూబికాన్ దారిలో 1953లో జీపర్స్ జంబోరీ అనే జీపుల యాత్ర మొదలైంది. వార్న్ కంపెనీ 1974లో తెచ్చిన వించ్ పేరు 8274. 8 అంటే 8,000 పౌండ్లు, 2 అంటే రెండు వైపులా తిరగడం, 74 అంటే ఆ ఏడాది. ఆ మోడల్‌ను నేటికీ ప్రేమగా విప్పి బాగుచేసుకునేవాళ్లున్నారు.

వించ్ శక్తి సామానుతో సహా బండి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు టన్నుల బండికి మూడు టన్నులన్నమాట. పెట్టె మీద రాసిన అంకె డ్రమ్ము మీది మొదటి వరసకే వర్తిస్తుంది. తాడు వరస మీద వరస చుట్టుకునేకొద్దీ లాగే బలం పడిపోతుంది, పై వరసలో సుమారు మూడో వంతు తగ్గుతుంది.

ఈపాటి శక్తి ఉన్న వించ్‌లలో చాలావాటికి కాళ్ల రంధ్రాలు అడ్డంగా 10 అంగుళాలు, ముందువెనకలుగా నాలుగున్నర అంగుళాల దూరంలో ఉంటాయి. వాటి కింద ఆరు మిల్లీమీటర్ల ప్లేటు వేస్తారు. అసలు చిక్కు ఆ తర్వాతే. తాడు ఛాసిస్ కమ్మీలకన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి లాగినప్పుడల్లా ప్లేటు ముందుకు ఒరగాలని చూస్తుంది. బంపర్‌ను కమ్మీల కొసన మాత్రమే అతికిస్తే, ఆ మెలి అంతా ఒక్క వెల్డింగ్ గీత మీద పడుతుంది. అందుకే పట్టీలు కమ్మీల పక్కలనుంచి వెనక్కి పోవాలి, దూరదూరంగా వేసిన బోల్టులు బరువు పంచుకోవాలి. కమ్మీ పెట్టెలా బోలుగా ఉంటే, బోల్టు బిగింపుకు అది నలిగిపోకుండా లోపల గొట్టం ముక్క పెడతారు. ఆ ముక్క బయటికి కనిపించదు. నా దృష్టిలో మంచి పనివాడి గుర్తు అదే.

వించ్‌ను వీలైనంత కిందికి, వెనక్కి జరిపితే మెలి తగ్గుతుంది, ముందు స్ప్రింగులూ కుంగవు. అలాగని రేడియేటర్‌కు గాలి అడ్డుకోకూడదు. వించ్ క్లచ్ లివర్ చేతికి అందాలి. తాడు బయటికొచ్చే చోట ఉక్కు తాడుకు రోలర్లు, సింథటిక్ తాడుకు నున్నని అల్యూమినియం మూతి వాడాలి. ఉక్కు తాడు గరుకు చేసిన రోలర్ల మీద సింథటిక్ తాడు కోసుకుపోతుంది. నిండు బరువు మీద వించ్ 400 ఆంపియర్లకు పైగా లాగగలదు. అందుకే ఎర్త్ తీగను కూడా నేరుగా బ్యాటరీకే వేయాలి.

మన బావి గిలక ఇక్కడా పనికొస్తుంది. చెట్టుకు గిలక కట్టి తాడును బండి దగ్గరికే తిప్పి తెస్తే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. కానీ ఆ కొసను తిరిగి తగిలించే కొక్కెం ఛాసిస్‌కే బిగించి ఉండాలి, బంపర్ అందానికి పెట్టిన ఉంగరానికి కాదు. చెట్టు మీదా ఆ రెట్టింపు లాగుడే పడుతుంది.

మన దగ్గర 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాహనాలకు అనుమతి లేకుండా బిగించే క్రాష్ గార్డులపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద తిరిగే బండికి ఈ పని తలపెట్టేవారు ముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లున్న బండిలో మరింత జాగ్రత్త అవసరం.

బిగింపు అయ్యాక కొత్త తాడును వదులుగా చుట్టి వదిలేయకూడదు. బరువు పడితే పై వరస కింది వరసల మధ్యకు దిగి ఇరుక్కుంటుంది. చిన్న ఎత్తు చూసి, తాడు దూరంగా లాగి గట్టి చెట్టుకు పట్టీ వేసి కట్టాలి. డ్రమ్ము మీద ఉక్కు తాడైతే కనీసం ఐదు చుట్లు మిగలాలి. చేతికి తోలు గ్లోవ్స్ వేసుకుని, బండి బరువే తాడును బిగించేలా మెల్లగా పైకి లాక్కోవాలి. పైకి చేరాక స్పానర్ తీసుకుని, బంపర్ బోల్టులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ బిగించాలి.