పాంతెల్లేరియా: గాలి దీవిలో ద్రాక్షపాదు

పాంతెల్లేరియా మధ్యధరా సముద్రంలో సిసిలీకి, ట్యునీషియాకు నడుమ ఉన్న చిన్న దీవి. ఇటలీ ఏలుబడిలో ఉన్నా దీనికి ఆఫ్రికా తీరమే దగ్గర. ట్యునీషియా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంటే, సిసిలీ సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. విస్తీర్ణం 83 చదరపు కిలోమీటర్లు. దీవి మొత్తం అగ్నిపర్వతం కక్కిన రాయే. వాయవ్య తీరానికి కొద్ది దూరంలో, సముద్రం అడుగున 1891లో చివరి విస్ఫోటనం జరిగింది. కొండవాలుల్లో రాతి పగుళ్ల నుంచి ఇప్పటికీ వేడి ఆవిరి వస్తూనే ఉంటుంది.

ఇక్కడ బతకడానికి రెండు అడ్డంకులు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి ఈడ్చి కొడుతుంది. నదులు లేవు, ఊటలు ఉన్నా అవి వేడినీటివి, ఖనిజాలు కలిసినవి. వానలు చలికాలంలోనే, వేసవి అంతా పొడి. ఇక్కడి పొలం, ఇల్లు, తోట, వంట అన్నీ ఈ రెండు కష్టాలకు తగ్గట్టు తయారైనవే. వాటన్నిటిలో గొప్పది ద్రాక్ష సేద్యం.

ఇక్కడ పండే ద్రాక్ష రకం జిబిబ్బో. మిగతాచోట్ల దీన్నే మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా అంటారు. దీనికి పందిరి వేయరు, తీగెలకు ఊతంగా కర్రలు పాతరు. ముందుగా నేలలో సుమారు 20 సెంటీమీటర్ల లోతున వెడల్పైన పాదు తీసి, మొక్కను దాని నడుమ నాటుతారు. మొదలును పొట్టిగా ఉంచి, చుట్టూ చక్రం ఆకుల్లా నాలుగు వైపులకూ కొమ్మలు సాగేట్టు ఏటా కత్తిరిస్తారు. చెట్టు పైకి లేవదు, పొదలా నేల మీదే పరుచుకుంటుంది. పెద్ద గాలి దాని మీదుగా దాటిపోతుంది, లేత చిగురు విరగదు. కురిసిన కొద్దిపాటి వాన పాదులోకే దిగుతుంది, రాత్రి మంచు తడి వేరును అంటుకునే ఉంటుంది. వాన, గాలి కలిసి పాదును పూడుస్తుంటాయి కాబట్టి దాన్ని ఏడాది పొడవునా తవ్వి సరిచేస్తూనే ఉండాలి. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. ఏ వాలులో ఎంత లోతు, గట్టు ఏ వైపు ఎత్తుగా ఉండాలి, ఏ కొమ్మ ఉంచాలి, ఏది కోయాలి అన్నవి పుస్తకాల్లో దొరకవు. తండ్రి పక్కన నిలబడి, స్థానిక మాండలికంలో చెప్పిన మాట విని, కత్తెర పట్టి నేర్చుకోవలసిందే.

ఈ పొలాలన్నీ కొండవాలుల్లో కట్టిన మెట్లే. సున్నం, మట్టి ఏమీ పెట్టకుండా నల్లరాతిని రాయి మీద రాయిగా పేర్చి గోడలు కట్టారు. నేలలో ఏరిన రాళ్లే గోడకు సరుకు. పొలమూ బాగుపడింది, గాలికి అడ్డమూ దొరికింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య యంత్రం తిరగదు. కోత అంతా చేత్తోనే, నడుము వంచే చేయాలి. 2014లో యునెస్కో ఈ ద్రాక్ష సాగును మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ సహా పలు దేశాల రాతిగోడల కట్టుడు విద్యకు 2018లో అదే గౌరవం దక్కింది.

ఈ ద్రాక్షతో చేసే తియ్యని వైన్ పస్సీతో. మొదట కోసిన గుత్తులను ఆగస్టులో ఎండలో పరిచి, తరచూ తిరగేస్తూ మూడు నాలుగు వారాలు ఎండబెడతారు. సెప్టెంబరులో కోసిన పచ్చి పండ్ల రసం పులుస్తుండగా ఈ ఎండుపండ్లను తొడిమలు తీసి అందులో కలుపుతారు. వాటి తీపి, వాసన రసంలోకి దిగుతాయి.

ఇళ్లను కూడా గాలికి, నీటి కరువుకు తగ్గట్టే కట్టారు. దమ్ముసో అనే ఇక్కడి ఇంటికి దళసరి లావారాతి గోడలు, తెల్లని గుమ్మటాల కప్పు ఉంటాయి. గోడ మందం వేసవి వేడిని, చలిగాలిని ఒకేలా ఆపుతుంది. కప్పు మీద పడ్డ ప్రతి చుక్కా కింద కట్టిన తొట్టిలోకి చేరుతుంది. ఇంకా ఆశ్చర్యం కలిగించేది పంతేస్కో (అంటే పాంతెల్లేరియాకు చెందిన) తోట. ఒకే ఒక్క నారింజ లేదా నిమ్మ చెట్టు కోసం చుట్టూ మనిషికి రెండింతల ఎత్తున గుండ్రంగా రాతిగోడ కడతారు. గాలి లోపలికి రాదు, రాళ్ల మీద చేరిన తేమ చెట్టుకు ఉపయోగపడుతుంది. ఒక్క చెట్టు కోసం ఇంత శ్రమా అనిపిస్తుంది. పండు అరుదైన చోట దాని విలువ అంతటిది. దీవిలోని ఖమ్మాలో ఉన్న అలాంటి తోటను సొంతదారులు 2008లో ఇటలీ వారసత్వ పరిరక్షణ సంస్థ ఫాయ్‌కి అప్పగించారు.

వంటలో ముందు చెప్పుకోవలసింది కేపర్ మొగ్గ. తెలుగునాట అడవుల్లో పెరిగే ఆదొండకు ఇది దగ్గర చుట్టం, రెండూ ఒకే ప్రజాతి మొక్కలు. ఆదొండలో కాయను తింటే, ఇక్కడ పూయని మొగ్గను తింటారు. వేసవిలో కొద్ది రోజులకొకసారి ప్రతి పొద దగ్గరా వంగి మొగ్గలు ఏరతారు. ఎంత చిన్నదైతే అంత ధర. వాటిని సముద్రపు ఉప్పులో సుమారు పది రోజులు ఊరనిచ్చి, ఊట వంపి, మళ్లీ ఉప్పు వేసి మరో పది రోజులు ఉంచుతారు. చేదు పోయి ఘాటైన పరిమళం మిగులుతుంది. ఉడికించిన బంగాళాదుంప, టమాటా, ఎర్ర ఉల్లి, ఆలివ్ కాయలతో ఈ మొగ్గలు కలిపితే పంతేస్కా సలాడ్. పుదీనా, తాజా జున్ను కూరి చేసే రావియోలి, చేపల పులుసుతో వడ్డించే కుస్కుస్ కూడా ఇంటి వంటలే. కుస్కుస్ ఆఫ్రికా తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది.

చూడదగినవి చాలా ఉన్నాయి. ముర్సియా దగ్గర సేసి అనే రాతి గుట్టలు ఉన్నాయి, అవి కంచుయుగపు సమాధులు. శాన్ మార్కో కొండ మీద 2003లో జూలియస్ సీజర్, టైటస్‌ల పాలరాతి శిరస్సులు దొరికాయి. వీనస్ అద్దం అనే సరస్సులో వెచ్చని ఊటలు, ఒంటికి రాసుకునే బురద ఉన్నాయి. రేవు పట్టణం మాత్రం పాతదిగా కనిపించదు. 1943 జూన్ 11న దీవి లొంగిపోయే ముందు మిత్రరాజ్యాల బాంబులు దాన్ని చాలావరకు నేలమట్టం చేశాయి.

నేటి ద్రాక్ష సాగు 20వ శతాబ్దం మొదట్లో ఉన్నదానిలో చిన్న భాగమే. కూలి ఖర్చు ఎక్కువ, పని కష్టం, యువత బయటికి పోతోంది. సాగు వదిలేస్తే గోడ కూలుతుంది, గోడ కూలితే మట్టి సముద్రం పాలవుతుంది. కాబట్టి ఈ సేద్యాన్ని నిలబెట్టడం అంటే దీవి నేలనే నిలబెట్టడం. 2016లో దీవిలో చాలా భాగం జాతీయ ఉద్యానవనమైంది. కోత చూడదలచినవారు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళ్లాలి. సిసిలీలోని త్రాపాని రేవు నుంచి ఓడలు, త్రాపాని, పాలెర్మోల నుంచి విమానాలు ఉన్నాయి.