పోయొచ్చినోళ్ల మాట

మంగళవారం పొద్దున కంభం బస్సు కోసం అర్ధవీడు బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చున్నాను. ఎదురు బల్ల మీద ఇద్దరు ఎరువుల కొట్లవాళ్లు. ఒకాయన నడివయసువాడు, రెండో అతను ఈమధ్యే కొట్టు పెట్టిన కుర్రాడు. మిరప మందులు, పత్తి మందులు లెక్కకు మించి అమ్మినందుకు కుర్రాడిని కంపెనీవాళ్లు బ్యాంకాక్ తీసుకుపోతున్నారు. మన వైపు ఇది కొత్త సంగతి కాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, బేస్తవారిపేటల్లో పురుగుమందుల కొట్టో సిమెంటు కొట్టో నడిపేవాళ్లలో దేశం దాటి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. టార్గెట్ కొడితే టూరు. ఆ టూరు ఎక్కువసార్లు బ్యాంకాక్‌కే. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్లకు వీసా ఎత్తేశాక ఈ ప్రయాణాలు మరీ పెరిగాయి.

పెద్దాయన చెబుతున్నాడు, కుర్రాడు వింటున్నాడు.

"పచ్చడి సీసా చేతిసంచీలో పెట్టుకోబాకు తమ్ముడూ, నూనె ఉంటది గదా, శంషాబాద్‌లోనే తీసి పడేస్తారు. పెద్ద పెట్టెలో వెయ్యి."

"అట్నేలే అన్నా."

"డబ్బులు ఎయిర్‌పోర్టులో కొంచెమే మార్చుకో. ఊళ్లోకి పోయినాక సూపర్‌రిచ్ అని కొట్లుంటాయి, ఆడ రేటు బాగుంటది. ఆడ ఎయిర్‌పోర్టులు రెండు. సువర్ణభూమి ఒకటి, డాన్ మువాంగ్ ఒకటి. తిరిగొచ్చేప్పుడు టికెట్ మీద ఏది ఉందో చూసుకోని కారెక్కు."

"శనివారం నేను నీసు తిననన్నా, ఎట్లా మరి?"

"పసుపుపచ్చ గుడ్డ మీద ఎర్రక్షరం రాసుంటది కొన్ని బండ్ల కాడ. ఆడికి పోయి 'జే' అను. చేప నీళ్లు గూడా పోయకుండా చేసిస్తారు. ఇంకోటి, పెద్ద ప్యాలెస్ కాడ ఎవుడో ఒకడొచ్చి, ఈరోజు మూసేసినారు, ఇంకో మంచి గుడి చూపిస్తా, ఇరవై బాత్‌లియ్యి చాలంటాడు. నమ్మబాకు. తీసకపోయి రత్నాల కొట్లో కూర్చోబెడతాడు."

నాకు చాలా సంతోషమేసింది. ఆ చివరి మాటకు విలువ కట్టలేం. ఆ ప్యాలెస్ ముందు ఈ మోసం కొన్ని దశాబ్దాలుగా జరుగుతోంది. ప్యాలెస్ ఏవో రాచరికపు కార్యక్రమాలున్నప్పుడు తప్ప రోజూ తెరిచే ఉంటుంది. ఆ సంగతి తెలియక ఆటో ఎక్కినవాళ్లు గాజుముక్కల్లాంటి నీలాలు కొనుక్కొని వస్తారు. పెద్దాయన ఆ లోపల ఉన్న రామాయణం గురించి కూడా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది. మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద 178 ఘట్టాలుగా రామకథంతా రంగుల్లో గీశారు. లంకాదహనం చూడ్డానికి మన తోలుబొమ్మలాటల వాళ్ల మనవలు పోయి నిలబడాల్సిన చోటు అది.

ఈ కాలమ్ చదివే పాతవాళ్లకు నా పట్టుదల తెలుసు. దారి పుస్తకాల్లో సగమే ఉంటుందని, మిగతా సగం పోయొచ్చినవాడి నోట్లోనే ఉంటుందని నేను చాలాసార్లు రాశాను. ఏనుగుల వీరాస్వామయ్యను ఇక్కడ ఏడాదికి ఒక్కసారైనా తలుచుకోకుండా ఉండలేను. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన మనిషి. దారిపొడుగునా ఎక్కడ మంచినీళ్లున్నాయి, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయి, బోయీలకు ఏ దారి కష్టం, ఎక్కడ ఎవరు సుంకం పట్టుకుంటారు అన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపాడు. ఆ పిళ్లై వాటిని 1838లో అచ్చు వేయించాడు. వెనక వచ్చేవాడి కాలికి ముల్లు గుచ్చుకోకూడదన్న ఆత్రం ఆ రాతలో ప్రతి పుటలోనూ కనబడుతుంది. వీరాస్వామయ్య ఆత్మకూరు వైపు నుంచి నల్లమల ఎక్కి శ్రీశైలం చేరాడు. మనవాళ్లు ఈ వైపు నుంచి ఎక్కేవాళ్లు.

మా నాయన శివరాత్రికి ముందు నడిచిపోయేవాడు. బయల్దేరే ముందు రోజు రాత్రి మా అరుగు మీద పదిమంది చేరేవాళ్లు. ఏడాదేడాదీ పోయేవాళ్లు చెబుతుంటే కొత్తగా పోయేవాళ్లు వినేవాళ్లు. సద్దిమూటలో ఏం కట్టుకోవాలి, కాళ్లు బొబ్బలెక్కితే ఏ ఆకు పసరు పూయాలి, ఏ వాగులో నీళ్లు తాగొచ్చు, ఏ వాగులో కాళ్లు మాత్రమే కడుక్కోవాలి. అందులో వింత మాటలు కూడా ఉండేవి. ఫలానా చెలమ దగ్గర పొద్దుగూకినాక ఆగబాకండి, ఆడ అమ్మవారు నీళ్లకొస్తది, ఎదురుపడినోళ్లు ఇల్లు చేరరు అనేవాళ్లు. మా నాయన అది విని నవ్వేవాడు, అయినా పొద్దుండగానే ఆ చెలమ దాటేవాడు. అంతకు ముందు తరాల్లోనైతే చెంచులు వెంట ఉండి దాటించేవాళ్లు. యాత్రికుల దగ్గర వాళ్లకు రుసుము తీసుకునే హక్కుండేది. రుసుము పుచ్చుకున్నాక ఆ మనిషి క్షేమం వాళ్ల పూచీ. చెంచు చెప్పిన దారికి చెంచే తోడు నడిచేవాడు. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన మండలంలో కాకర్ల ఉంది. ఇప్పుడు వెలిగొండ ప్రాజెక్టు పుణ్యమా అని అందరి నోటా కాకర్ల గ్యాప్‌గా వినబడుతోంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు ఈ ఊరి నుంచే పోయిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన పూర్వీకులు ఇక్కడి నుంచి కావేరి ఒడ్డుకు చేరారు. ఆ కుటుంబం మూటాముల్లె కట్టుకునే ముందు ఎవరో ఒకరు అటు పోయి వచ్చి, అక్కడ నీళ్లున్నాయి, చదువుకు విలువుంది అని ఒక సాయంత్రం అరుగు మీద చెప్పి ఉంటారని నేను ఎప్పుడూ అనుకుంటాను. ఆ చెప్పినవాడి పేరు ఎక్కడా లేదు. మన సంగీతానికి అతను చేసిన మేలు మాత్రం చిన్నది కాదు.

టీ అంగట్లో పెద్దాయన మాట అక్కడితో ఆపి ఉంటే ఈ వారం కాలమ్ ఆయన్ను పొగిడి ముగిసేది. కానీ తర్వాత ఆయన గొంతు తగ్గించి, "ఆడ ఏం చేసినా చెల్లుద్ది తమ్ముడూ. రాత్రి గదిలో పేక గూడా ఏసుకోవచ్చు, అడిగేవోడు లేడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. థాయ్‌లాండ్‌లో జూదం నేరం. 1935 నుంచి దానికి చట్టం ఉంది. ఇంట్లో 120 పేకముక్కలకు మించి ఉంచుకోవడం కూడా ఆ దేశంలో తప్పే. 2023 మే 1న పట్టాయాలో ఒక హోటల్లో పోలీసులు పడి 93 మందిని పట్టుకుంటే వాళ్లలో 83 మంది భారతీయులు. అందులో తెలుగువాళ్లు చాలామంది. అంతమంది విమానమెక్కి పోయి కటకటాల వెనక కూర్చోవడానికి ముందు, వాళ్లకు కూడా ఎవరో ఒకరు 'అడిగేవోడు లేడు' అని చెప్పే ఉంటారు.

అప్పుడే టీ కాచే పెద్దమ్మ మాట కలిపింది. "బ్యాంకాకా? వద్దు నాయనా. ఆడ మనోళ్లని గదిలో ఏసి తాళం పెట్టి, రాత్రీ పగలూ కంప్యూటర్ల కాడ కూర్చోబెడతారంట. తిండి గూడా పెట్టరంట. కిడ్నీలు గూడా తీసుకుంటారంట." ఇద్దరూ పకపకా నవ్వారు. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరో అన్నారయ్యా, కంభంలో" అంది.

పుకార్ల మీద నాకున్న కోపం మీకు తెలియనిది కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో మాట పాకితే, తెలుగు రాష్ట్రాల్లో దారిన పోయే అమాయకుల్ని జనం కొట్టి చంపారు. అప్పటి నుంచి, చూసినవాడి మాటే మాట, విన్నవాడి మాట గాలిమాట అని ఇక్కడ రాస్తూనే ఉన్నాను. మంగళవారం కూడా అదే అనబోయాను. ఇంతలో కుర్రాడు అన్నాడు: "అన్నా, మా బామ్మర్దికి గూడా ఆడ ఉద్యోగం వచ్చేట్టుంది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉండాడు. డేటా ఎంట్రీ అంట. బ్యాంకాక్‌లో దిగితే వాళ్లే కారు పంపిస్తారంట. చెప్పినాయన ఆడ రెండేళ్లు చేసొచ్చినోడే."

పోయొచ్చినవాడే! ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమంది.

2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన సంగతి ఇంతకీ ఇదే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా చేర్చారు. పాస్‌పోర్టులు లాక్కొని, మన దేశంలోని మన జనాన్నే ఫోన్లలో మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. కాదన్నవాళ్లను గదుల్లో పెట్టి హింసించారు. ఆ నెల సిహనూక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు కూడా. మయన్మార్ సరిహద్దులోని మ్యావాడీది కూడా ఇదే తంతు. బ్యాంకాక్‌లో దింపి, కారులో మే సాట్ అనే సరిహద్దు ఊరికి తీసుకుపోయి, చిన్న నది దాటిస్తారు. అవతల వేరే దేశం, వేరే తుపాకులు. మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే దీని గురించి హెచ్చరించింది. 2025 మార్చిలో 283 మందిని వాయుసేన విమానంలో మే సాట్ నుంచి వెనక్కి తేవాల్సి వచ్చింది.

పెద్దమ్మ చెప్పిన తాళం నిజం. కంప్యూటర్ నిజం. తిండి పెట్టని మాట కూడా నిజమయ్యే ఉంటుంది. వాళ్లిద్దరూ నవ్వింది ఆ మాట వినే.

ఈ కథ బ్యాంకాక్‌తో మొదలైంది కూడా కాదు. మన పడమటి వైపు నుంచి తక్కువేగాని, కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల నుంచి లక్షల మంది తెలుగువాళ్లు రంగం, అంటే రంగూన్ పోయారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ఆ కూలీలను ఓడెక్కించినవాడు మేస్త్రీ. అతనూ పోయొచ్చినవాడే. చేతికి గడియారంతో ఊళ్లోకి వచ్చి, అక్కడ రూపాయలు దొరుకుతాయని చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ అడ్వాన్సు తీర్చడానికి కూలీ ఏళ్ల తరబడి రేవులో మూటలు మోసేవాడు, కూలిలో మేస్త్రీ వాటా ముందే పోయేది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక కొండలు, అడవులు దాటి నడిచొచ్చినవాళ్లలో, దారిలోనే రాలిపోయినవాళ్లలో ఆ కూలీలు ఎందరో ఉన్నారు.

మళ్లీ చెంచు దగ్గరికి వస్తాను. చెంచుకు డబ్బిచ్చింది నడిచేవాడు. మేస్త్రీకి వాటా వచ్చింది పని చేయించుకునేవాడి చేతి మీదుగా. కంబోడియా ఏజెంటుకు తలకింత అని కట్టింది తాళం వేసినవాడు. వీళ్లంతా దారి తెలిసినవాళ్లే, చూసి వచ్చినవాళ్లే. చూసి రావడం ఒక్కటే సరిపోతుందని ఇన్నాళ్లూ నేను పట్టుకున్న మాట ఇక్కడికొచ్చి నిలవడం లేదు. పెద్దమ్మ బ్యాంకాక్ చూడలేదు. పేరు పలకడానికే తడబడింది. కానీ ఆ మాట చెప్పినందుకు ఆమెకు ఒక్క పైసా రాదు. పోయి బాగుపడ్డవాడు ఊళ్లోకి వచ్చి పదిమందికి చెబుతాడు, పోయి దెబ్బతిన్నవాడు సిగ్గుతో నోరు మూసుకుంటాడు. వాడి ఇంటి ఏడుపు గోడ దాటి, పేరు పోగొట్టుకొని, కొంత పెరిగి, కొంత చెడి, కంభం సంతలో పుకారుగా తిరుగుతుంది. కిడ్నీల మాట అట్లా అతుక్కుందే. దాన్ని తీసేసి మిగతాది విడిగా చూసే ఓపిక మనకుండాలి. అట్లా చూస్తే చెలమ దగ్గర అమ్మవారు ఏమిటో ఇప్పుడు మనకు తెలుసు. మా నాయన దాటిన ఆ అడవి ఇవాళ దేశంలో విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్ద పులుల అభయారణ్యం.

పుకారు విని కర్ర ఎత్తడం వేరు, పుకారు విని కాలు ఆపడం వేరు. 2018లో జనం కర్ర ఎత్తారు. దాని మీద నా కోపం ఈనాటికీ తగ్గలేదు. కాలు ఆపి ఒక్క పూట విచారించుకోవడానికి మాత్రం ఏ చిన్న మాటైనా చాలు.

బస్సు వదిలేసి కుర్రాడితో కూర్చున్నాను. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ల పేర్లు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్లో ఉంటాయి, బావమరిదికి చెప్పినాయన పేరు అందులో ఉందో లేదో ఇవాళే చూడమన్నాను. టూరిస్టుగా దిగి ఉద్యోగం చేయడం ఆ దేశంలో నేరమని, ఉద్యోగమిచ్చే కంపెనీ వీసా కాగితం ముందే పంపాలని చెప్పాను. ఆ చెప్పినాయన్ని ఒక్క ప్రశ్న అడగమన్నాను: మావాడిని చేరిస్తే నీకెవరు, ఎంత ఇస్తారు? కుర్రాడు అక్కడే ఫోను తీశాడు. పెద్దాయన నవ్వడం మానేసి, పెద్దమ్మను ఇంకేం విన్నావని అడగడం మొదలుపెట్టాడు.

మీకు నా విన్నపం ఒకటి. కువైట్ నుంచి, మలేషియా నుంచి, బ్యాంకాక్ నుంచి వచ్చినవాళ్ల గురించి మీ వీధిలో తిరిగే మాటలు నాకు రాసి పంపండి. నమ్మబుద్ధి కానివి కూడా పంపండి. పేర్లు వద్దు. ఏ ఊరి దాకా పోయాక కథ మలుపు తిరిగిందో, ఏజెంటు ఏమని చెప్పి తీసుకుపోయాడో రాస్తే చాలు. ఒకే ఊరి పేరు, ఒకే అబద్ధం రెండు మూడు ఉత్తరాల్లో కనబడితే వచ్చే వారాల్లో ఇక్కడే అచ్చు వేస్తాను.