అట్టముక్కల డెన్‌లో అణుబాంబు

గోడ నిండా రంగు బల్బులు. అవి ఎందుకు వెలుగుతున్నాయో, ఎందుకు ఆరుతున్నాయో డెన్‌లో ఎవరికీ తెలియదు. మధ్యలో తిరుగుడు కుర్చీ, అందులో గుండు బాసు. నిర్మాతకు దొరికితే ఒళ్లో పిల్లి, దొరక్కపోతే చేతిలో కర్ర. వెనకాల ఒకే రంగు చొక్కాల్లో నిలబడ్డ అనుచరుల్లో కనీసం ఒకడు కెమెరా వంకే చూస్తుంటాడు. బాసు మీట నొక్కగానే గోడ పక్కకు జరగాలి. జరుగుతుంది కూడా. కాకపోతే అవతలి నుంచి ఎవరో నెడుతున్నారని గోడ వణుకే చెప్పేస్తుంది. ఈ గదిలోంచే ప్రపంచం మొత్తాన్ని బూడిద చేయబోతున్నారని మనం నమ్మాలి.

నేను నమ్ముతాను. ఇష్టంగా, పగలబడి నవ్వుతూ నమ్ముతాను. చవకలో చుట్టేసిన గూఢచారి సినిమాలు వెతుక్కుని చూడడం నా పాత అలవాటు. మా బావకు ఇది మింగుడుపడదు. సినిమా అంటే సత్యజిత్ రే దగ్గర మొదలై అక్కడే ఆగిపోవాలనుకునే మనిషి. “ఏం బావా, మంచివన్నీ అయిపోయాయా, చెత్త మీద పడ్డావు?” అంటాడు. నవ్వేసి ఊరుకుంటాను గానీ, సమాధానం మాత్రం ఎప్పటినుంచో బాకీ ఉంది.

చవక సినిమాలు రకరకాలు. అన్నిటికీ ఈ రుచి ఉండదు. ప్రేమకథకు రెండు మొహాలూ ఒక వానా చాలు. పల్లెటూరి కథకు రచ్చబండా, నాలుగు ఎడ్లబళ్లూ ఉంటే గడిచిపోతుంది. గూఢచారి కథ అలా ఊరుకోదు. హీరో వెనక ఒక ప్రభుత్వం ఉండాలి, ఎదురుగా ఆ ప్రభుత్వాన్ని పడగొట్టగల ముఠా ఉండాలి. విమానాలు, జలాంతర్గాములు, పరదేశపు హోటళ్లు, ఎవరో శాస్త్రవేత్త కనిపెట్టిన ఫార్ములా, ఆఖర్న పేలిపోవడానికి ఒక కొండ. ఇవతలి ఐశ్వర్యం, అవతలి ఐశ్వర్యం, రెండూ ఒకే నిర్మాత జేబులోంచి రావాలి. కథ అడిగేదానికీ జేబు ఇచ్చేదానికీ మధ్య ఇంత పెద్ద అగాధం ఇంకే రకం సినిమాలోనూ ఉండదు. ఆ అగాధాన్ని కొలవకుండా, వెనక్కి చూడకుండా దూకేవాడంటే నాకు ముచ్చట.

పుస్తకానికైతే ఈ బాధ లేదు. మధుబాబు గారి షాడో నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. అందులో షాడోను ఒక పేరాలో చైనా పంపాలన్నా, రెండో పేరాలో హెలికాప్టర్ మీంచి దూకించాలన్నా అయ్యే ఖర్చు సిరా మాత్రమే. మిగతా డబ్బంతా పాఠకుడి ఊహే పెట్టుకుంటుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. చైనా అని రాసుకుంటే ఏదో ఒక చైనా చూపించాలి. చేతిలో ఉన్నది మద్రాసులో ఒక స్టూడియో ఫ్లోరూ, నాలుగు కాగితపు లాంతర్లూ.

చవక అనే మాటలో కూడా ఒక తమాషా ఉంది. ఈ పుట్ట మొత్తానికి మూలమైన జేమ్స్‌బాండ్ సినిమా ‘డాక్టర్ నో’ (1962) స్వయంగా చవక సినిమాయే. బడ్జెట్ పది లక్షల డాలర్ల చిల్లర. సముద్రం అడుగున విలన్ ఇంట్లో అద్దాల గోడ, దాని అవతల చేపలు ఈదాలి. చేపలను చిత్రీకరించడానికి డబ్బు లేక, ఎవరో తీసిపెట్టిన పాత ఫిల్ము ముక్క కొని వాడారు. తీరా చూస్తే అది చిన్న చేపలను బాగా దగ్గరగా తీసిన ముక్క. తెర మీద అవి తిమింగలాల్లా కనిపించాయి. ఏం చేశారు? ఆ గాజు చిన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుందని విలన్ నోటే చెప్పించారు. లోటును డైలాగుతో కప్పేయడం అన్న విద్యకు అంతకంటే పెద్ద గురువు ఎక్కడ దొరుకుతాడు? మూడేళ్లు తిరిగేసరికి ‘థండర్‌బాల్’ బడ్జెట్ కోటి డాలర్ల దరిదాపులకు చేరింది, బాండ్ కోటీశ్వరుడయ్యాడు. ఆ పేదరికపు ఉపాయాలన్నీ ప్రపంచంలోని మిగతా గూఢచారులకు వారసత్వంగా దక్కాయి.

ఇక నంబర్ల జాతర మొదలైంది. ఫ్రాన్స్ వాళ్లకు ఓఎస్ఎస్ 117 ఉన్నాడు, నవలల్లో బాండ్ కంటే ముందు పుట్టినవాడే. ఇటలీ వాళ్లు 077 అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. 1967లో ఇటలీలోనే ‘ఓకే కానరీ’ అని ఒకటి తీశారు. బాండ్ వేషం కట్టిన షాన్ కానరీని తెచ్చుకునే స్తోమత లేదు కాబట్టి ఆయన తమ్ముడు నీల్ కానరీని తెచ్చారు. ఆయన గోడలకు పూతపని చేసుకునే మనిషి. సినిమాలో మాత్రం ప్లాస్టిక్ సర్జన్, పైగా హిప్నాటిస్టు. పాత్ర పరిచయం మరీ ఘనం, ఫలానా గొప్ప గూఢచారికి తమ్ముడు! ఎవరి తమ్ముడో పేరు పెట్టి చెప్పకుండా జాగ్రత్తపడ్డారు. అసలు బాండ్ సినిమాల్లో ఎమ్‌గా, మనీపెన్నీగా వేసే బెర్నార్డ్ లీ, లోయిస్ మాక్స్‌వెల్‌లనే పిలిపించుకున్నారు. సంగీతం ఎన్నియో మోరికోనే, బ్రూనో నికొలాయ్‌లది. ఇన్ని పెట్టి, ఆ తమ్ముడి గొంతు కూడా ఇంకొకరితో చెప్పించారు. ఇంత తెగువను నవ్వకుండా చూడలేం. నవ్వి ఊరుకోనూ లేం.

మన దగ్గరికి వద్దాం. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది. నిర్మాత డూండీ, దర్శకుడు ఎం. మల్లికార్జునరావు, పక్కన జయలలిత. హీరో కృష్ణ అప్పటికి కొత్తవాడు. ‘తేనె మనసులు’లో స్కూటర్ వదిలి కారు మీదికి దూకే సన్నివేశం చూసి డూండీ ఆయన్ను ఎంచుకున్నారని చెబుతారు. సినిమా ఆడింది, కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయారు. ఆ తర్వాత కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ‘జేమ్స్‌బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978) వచ్చాయి. చిరంజీవి వంతు వచ్చేసరికి ‘గూఢచారి నెం.1’ (1983). ‘గూఢచారి 116’ చెత్త సినిమా కాదు. దాని వేగం, పాటలు ఇవాళ్టికీ కూర్చోబెడతాయి. కానీ ఆ దారిన వచ్చిన సినిమాలన్నీ వరసగా చూస్తే ఒక విషయం తడుతుంది. మా బావకు చెప్పాల్సింది అదే.

‘గూఢచారి 116’ మరుసటి ఏడాదే హిందీలో ‘ఫర్జ్’ అయి జితేంద్రను స్టార్‌ని చేసింది. దర్శకుడు రవికాంత్ నగాయిచ్. ఈయన ఎక్కడినుంచి వచ్చాడు? 1961లో ఎన్టీఆర్ తీసిన ‘సీతారామ కల్యాణం’కి కెమెరామన్. రావణుడు కైలాసాన్ని కదిలించడం, పది తలలతో ప్రత్యక్షం కావడం లాంటి అద్భుతాలను ట్రిక్కు షాట్లతో నమ్మించిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యే పిస్తోళ్ల కథల్లోకి వచ్చింది. మన గూఢచారికి బాండ్ పిన్నమ్మ వరస మాత్రమే. కన్నతల్లి పౌరాణికం.

ఈ చుట్టరికం ఒప్పుకుంటే తప్పులనుకున్నవి చాలా వరకు తప్పులు కాకుండా పోతాయి. హీరో బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ అతికించుకుని, గడ్డం తగిలించుకుని విలన్ పక్కనే కూర్చుంటాడు, ఎవరూ గుర్తుపట్టరు. ఇదేం చోద్యం అని నవ్వుతాం. విరాటరాజు కొలువులో పాండవులు ఏడాదిపాటు ఉంటే ఎవరు గుర్తుపట్టారు? బృహన్నల దగ్గర నాట్యం నేర్చుకున్న ఉత్తరకు అనుమానం వచ్చిందా? మారువేషం వేసినవాణ్ని కథ గుర్తించమనేదాకా గుర్తించకూడదన్నది మన పాత నియమం. కాలు పెట్టగానే నేల జారిపోయే డెన్‌కు మయసభ మేనత్త అవుతుంది. పెన్నులోంచి వచ్చే తూటా అస్త్రమే, మంత్రం బదులు మీట ఉందంతే. ముఠాలోంచి బయటికొచ్చి బాసు గుట్టు విప్పేవాడు విభీషణుడు. ఆఖరి రీల్లో బాసు తన పథకమంతా హీరోకు పూసగుచ్చినట్టు చెబుతాడే, దాన్ని చూసి ఇంగ్లీషు విమర్శకులు తల పట్టుకుంటారు. మన రంగస్థలం ఎరిగినవాడికి అది ప్రతినాయకుడి పద్యం. అది పాడకుండా వాడు చావకూడదు.

సురభి వాళ్ల ‘మాయాబజార్’ చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ నాటక సమాజాలు ఇప్పటికీ మనుషులను గాల్లోకి లేపుతాయి. తీగ ఒక్కోసారి కనిపిస్తుంది. తీగ కనిపించిందని ఎవరూ లేచి ఇంటికి పోరు. ఘటోత్కచుడు ఎగురుతున్నాడన్నదీ నిజమే, తీగ ఉందన్నదీ నిజమే, రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి. చవక గూఢచారి సినిమా చేసిన పొరపాటు ఒక్కటే. అది మాయ అని ఒప్పుకోకుండా, సైన్సు అని చెప్పింది. ప్రయోగశాల, ట్రాన్స్‌మీటర్, కంప్యూటర్ అంది. మాయ కింద చలామణీ అయ్యే తీగ, సైన్సు కింద పట్టుబడిపోయింది. మన నవ్వు పుట్టేది ఆ పట్టుబడిన చోటే.

నగాయిచ్ ఆ తర్వాత మిథున్ చక్రవర్తిని గన్‌మాస్టర్ జీ-9ని చేసి ‘సురక్షా’ (1979), దానికి కొనసాగింపుగా ‘వార్దాత్’ (1981) తీశాడు. రెంటికీ బప్పీ లహిరి సంగీతం. నాకు ‘వార్దాత్’ మీద ప్రత్యేకమైన మమకారం. బాండ్ విలన్లు అణుబాంబులు ఎత్తుకుపోతారు, అంతరిక్ష నౌకలు మింగేస్తారు. ‘వార్దాత్’లో దేశం మీదికి వదిలింది మిడతల దండును. పంటలు తినేయాలి, కరువు రావాలి, అదీ పన్నాగం! ఖర్చు తగ్గించుకోవడానికి మిడతను ఎంచుకున్నారో లేదో గానీ, దేశనాశనం అంటే రైతు పొలం పాడవడం అని తెలిసినవాడికే ఆ ఊహ వస్తుంది. లండన్‌లో కూర్చున్న రచయితకు తట్టదు. మిడతల షాట్లు చూసి పడీపడీ నవ్వాను. ఇలాంటి విలన్ మనకే ఎందుకు పుట్టాడని ఆ తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఈ సినిమాల్లో రెండు సుఖాలూ ఒకే టికెట్ మీద దొరుకుతాయి.

అయితే నవ్వుకు ఒక హద్దు ఉంది. 1981లో ఫిలిప్పీన్స్‌లో ‘ఫర్ యువర్ హైట్ ఓన్లీ’ వచ్చింది. అందులో ఏజెంట్ 00 వెంగ్ వెంగ్, ఎత్తు రెండడుగుల తొమ్మిది అంగుళాలు. అతను కరాటే కొడతాడు, గొడుగు పట్టుకుని ఎత్తు మీంచి దిగుతాడు, తనకు మూడింతలున్న వాళ్లను కాళ్ల మధ్యలోంచి దూరి మట్టికరిపిస్తాడు. మరుసటి ఏడాది మనీలా చిత్రోత్సవంలో ఆ దేశపు పెద్ద సినిమాలను దాటుకుని పరదేశాలకు అమ్ముడుపోయింది. కొన్నేళ్లకు అతనికి వేషాలు లేకుండా పోయాయి. పేదరికంలోనే 1992లో, ముప్పై అయిదేళ్లు నిండకుండా చనిపోయాడు. ఆండ్రూ లీవోల్డ్ అనే ఆస్ట్రేలియా వాడు అతని జాడ వెతుక్కుంటూ వెళ్లి డాక్యుమెంటరీ తీశాడు. అది చూశాక నేను గతంలో నవ్విన చోట్లన్నీ మళ్లీ తూకం వేసుకోవలసి వచ్చింది. అట్టముక్కను చూసి నవ్వొచ్చు, బొమ్మ హెలికాప్టర్‌ను చూసి నవ్వొచ్చు, పట్టపగలు తీసి నీలం ఫిల్టర్ పెట్టి రాత్రి అని బుకాయిస్తే తప్పకుండా నవ్వాలి. మనిషి ఒంటిని చూసి వచ్చే నవ్వు వేరు. దానికి సినిమా చవకదనంతో సంబంధం లేదు, మన చవకదనంతో ఉంది.

ఇంకో రకం సినిమా కూడా నాకు పనికిరాదు. అది కావాలని చెత్తగా తీసింది. అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ 1964లోనే ఈ తేడా పట్టుకుంది. తను హాస్యమని తెలియని అతిశయంలో ఉన్న రుచి, తెలిసి చేసే దాంట్లో ఉండదన్నది ఆమె వాదన. 2014లో మన ‘హృదయ కాలేయం’ మొదటినుంచీ చివరిదాకా వెటకారమని ఒప్పుకుని నవ్వించింది, అది వేరే విద్య. చిక్కంతా కన్నుకొడుతూ తీసే గూఢచారి సినిమాలతోనే. గోడ వణకాలని వణికిస్తారు. వణక్కూడదని శతవిధాలా పట్టుకున్నా వణికిన గోడలో ఉన్నది అందులో ఎలా వస్తుంది?

ఇప్పుడు చవకలో తీసినా మంచి సినిమా వస్తోంది. అడివి శేష్ ‘గూఢచారి’ (2018) పేరులోనే పాత 116కు దండం పెట్టి, ఉన్న డబ్బును పొదుపుగా వాడుకుని ఒడుపుగా నడిచింది. ఆనందించాల్సిందే. పాతవి మాత్రం ముప్పై సెకన్ల ముక్కలై ఫోన్లలో తిరుగుతున్నాయి. పేలుడు ఒకటి, దూకుడు ఒకటి, కింద నవ్వు బొమ్మలు. మా బావ చూసేవి ఈ ముక్కలే, అందుకే ఆయనకు చెత్త మాత్రమే కనబడుతోంది. ముక్కలో నవ్వు దొరుకుతుంది గానీ నమ్మకం దొరకదు. నమ్మకం కుదరాలంటే రెండున్నర గంటలు కూర్చోవాలి, అనవసరమైన క్లబ్ పాటా, చీఫ్ గారి ఉపన్యాసమూ, చెల్లెలి పెళ్లి గోలా అన్నీ భరించాలి. అప్పుడు క్లైమాక్స్‌లో టైమర్ మీద అంకెలు తగ్గుతుంటే, అది అట్టముక్కల బాంబని తెలిసీ, తీగలు ఎక్కడికీ కలపలేదని కనబడుతూనే ఉన్నా, హీరో సమయానికి చేరుకోవాలని మనసు కొట్టుకుంటుంది. బావా, నువ్వు చెత్త అనేది ఆ తీగలను చూసి. నేను కూర్చునేది ఆ కొట్టుకోవడం కోసం.