వేదిక అక్కరలేని పండుగ

ప్రాథమిక పాఠశాలలో సాంస్కృతిక కార్యక్రమం అనగానే ఆగస్టు 15, నవంబరు 14, జనవరి 26, ఆపైన వార్షికోత్సవం గుర్తుకు రావడం తెలుగునాట ఎంత సహజమైపోయిందంటే, పాట, ఆట, అభినయం, కథ చెప్పడం వంటివన్నీ చదువుకు వెలుపల, చదువు ముగిశాక, అతిథుల కోసం జరిగేవన్న భావన ఉపాధ్యాయుల్లోనూ తల్లిదండ్రుల్లోనూ ఒకే తీరుగా స్థిరపడింది. ఆ రోజులకు ముందు కొన్ని వారాల పాటు సాధన సాగుతుంది. గొంతు బాగున్నవారిని, అడుగు తప్పకుండా వేయగలవారిని, దుస్తులు అద్దెకు తెచ్చుకోగల ఇళ్ళ పిల్లలను ఏరి వేదిక ఎక్కిస్తారు. తక్కినవారు పట్టాల మీద కూర్చుని చప్పట్లు కొడతారు. నోరు మెదపడానికి జంకే పిల్లలకు పాట, అభినయం అందరికంటే ఎక్కువ అవసరం కాగా, ఈ ఏరివేతలో మొట్టమొదట పక్కకు పోయేది వారే. తరగతిలో ఎంతమంది నోరు విప్పారన్నది కొలతగా పెట్టుకుంటే, మన బడుల వార్షికోత్సవాల్లో చాలావాటికి పాసు మార్కులు రావు.

పాటకూ చదువుకూ మధ్య ఈ గోడ మొదటినుంచీ ఉన్నది కాదు. వీధిబడిలో, అంటే ఇంటి అరుగు మీదనో గుడి మండపంలోనో ఒక పంతులుగారు ఊరి పిల్లలను కూర్చోబెట్టుకుని నడిపిన బడిలో, పాఠమే పాటగా నడిచేది. బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక అటువంటి బడుల తీరుకు మంచి సాక్ష్యం. నాటి ఆ జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగు బడులు. ఉదయం ఆరు గంటలకు అందరికంటే ముందు బడికి చేరిన పిల్లవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారని, రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారని, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి వరసగా ఒక్కొక్కటి పెంచుతూ వడ్డించేవారని ఆయన రాశాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ముందు నేర్చుకున్న పిల్లవాడు వెనకవాడికి చెప్పడం ఆయనకు నచ్చిన పద్ధతులు. పిల్లలు వల్లించే పద్యాల భాష వారి నోటి భాషకు చాలా దూరంగా ఉండటం వల్ల, కంఠతా వచ్చిన పద్యానికి అర్థం మాత్రం వారికి తెలియకపోవడం ఆయనకు నచ్చని సంగతి. రెండు వందల ఏళ్ళ తరువాత కూడా ఈ ఫిర్యాదులో మార్చవలసిన మాట పెద్దగా లేదు.

అదే వీధిబడికి దసరా రోజుల్లో మరో ముఖం ఉండేది. రంగు కాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకుని, పూలూ బుక్కాగుండా చిమ్ముతూ, పిల్లలంతా పంతులుగారి వెంట ఇంటింటికీ తిరిగి దసరా పద్యాలు పాడితే, గృహస్థులు అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఇది పంతులుగారి జీతానికి ఊరు చేసే సర్దుబాటు కూడా కాబట్టి దీన్ని అచ్చమైన కళాసేవగా కొనియాడనక్కరలేదు. పైగా ఆ బడుల్లోకి ఆడపిల్లలూ, ఊళ్ళో సగానికి పైగా కులాల పిల్లలూ అడుగుపెట్టనే లేదు. అయినా ఆ ఊరేగింపులో ఒక గుణం ఉంది. బడిలో ఉన్న ప్రతి పిల్లవాడూ అందులో ఉండేవాడు, గొంతు కీచుగా ఉన్నదని ఎవరినీ ఇంటిదగ్గర దించి వెళ్ళేవారు కాదు.

ఆధునిక విద్యాచింతన ఈ సంగతిని వేరే దారిలో కనుగొన్నది. భావనగర్‌లో 1920లో బాలమందిరం నెలకొల్పిన గిజుభాయి బధేకా తన ‘దివాస్వప్న’ పుస్తకంలో నాలుగో తరగతి ఉపాధ్యాయుడి చేత పాఠ్యపుస్తకం పక్కన పెట్టించి కథతో చదువు మొదలుపెట్టిస్తాడు. తెలుగులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేతనే పాడించి, ఆడించి, 1945లో ‘బాల’ పత్రికను నెలకొల్పి, అభినయగేయం అంటే చేతులు, ముఖం, ఒళ్ళు కదిలిస్తూ పాడే పిల్లల పాటకు ఇంటింటా చోటు కల్పించారు. తరువాత బ్రిటన్ ఆర్థిక సహాయంతో 1980లలో ప్రయోగంగా మొదలై రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, కృత్యాధార బోధన పేరుతో, అంటే పిల్లవాడు చేతితో ఒక పని చేస్తూ నేర్చుకునే పద్ధతి పేరుతో, ఆరు సూత్రాలను ఉపాధ్యాయ శిక్షణలో ప్రవేశపెట్టింది. స్థానిక పరిసరాలను వాడుకోవాలన్నది వాటిలో ఒకటి; పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించి గదిని ఆసక్తికరంగా ఉంచాలన్నది మరొకటి. ఈ చివరి సూత్రం గోడల మీదికి బాగానే ఎక్కింది గాని, నేడు చాలా గోడల మీద కనిపించేవి పిల్లలు గీసిన బొమ్మలు కావు, దుకాణంలో కొన్న చార్టులు.

సూత్రాల మాట అటుంచి, ఒక కార్యక్రమం పాఠంగా ఎలా మారుతుందో చూడటానికి తెలంగాణ బడుల్లో దసరా సెలవులకు ముందు జరిగే బతుకమ్మను మించిన ఉదాహరణ దొరకదు. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు సాగే ఈ పండుగకు కావలసిన సరుకంతా పొలం గట్ల మీదే ఉంటుంది. తంగేడు, గునుగు, కట్లపూలు, బంతి, గుమ్మడిపూలు పిల్లలే ఏరి తెస్తారు. ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో, ఏది నీటి పక్కన, ఏది మెట్ట మీద దొరుకుతుందో పట్టణంలో కాపురం ఉండే ఉపాధ్యాయుడికంటే మూడో తరగతి పిల్లకే బాగా తెలుస్తుంది. తెచ్చిన పూలను రంగును బట్టి, కాడ పొడవును బట్టి వేరు చేయడం పరిసరాల విజ్ఞానంలోని వర్గీకరణ పాఠమే. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేలా వరుసగా పేర్చి, నడుమ ఖాళీని ఆకుల తుంపులతో, మిగిలిన కాడలతో నింపుతూ పోతే ఒక్కొక్క వరుస కింది వరుసకంటే చిన్నదవుతుంది. తెల్లని గునుగును కట్టలు కట్టి రంగులో ముంచితే రంగుల వరుసలు వస్తాయి. అడుగు వరుసకు ఎన్ని గునుగు కట్టలు పట్టాయి, పై వరుసకు ఎన్ని పడతాయి అని ఉపాధ్యాయురాలు అడిగితే, పిల్లలు ముందు అంచనా చెప్పి, తరువాత పేర్చి సరిచూసుకుంటారు. ఆకులు సరిగా కూరకపోతే పేర్పు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎందుకు ఒరిగిందన్న ప్రశ్నకు వచ్చే జవాబుల్లో పాఠ్యపుస్తకం ఇవ్వలేని తర్కం ఉంటుంది.

ఆట మొదలయ్యాక దానిలోని భాషాబోధన ఇంకా సూక్ష్మమైనది. వలయంగా తిరుగుతూ చప్పట్లతో పాడే ఈ పాటల్లో ఒకరు కొత్త పాదం చెబితే, తక్కినవారంతా ‘ఉయ్యాలో’ వంటి ఒకే మాటతో అందుకుంటారు. బొత్తిగా మాట పెగలని పిల్లకు కూడా తన వంతు మాట ముందే తెలుసు. అది ఎప్పుడు వస్తుందో చప్పట్లు చెబుతాయి. పక్కనున్న గొంతుల మధ్య ఆమె తప్పు ఎవరికీ వినిపించదు. అలా అందుకోవడంలో ధైర్యం వచ్చిన పిల్ల కొన్నాళ్ళకు కొత్త పాదం చెప్పేవారి పక్కన నిలబడుతుంది, తరువాత తానే పాదం కడుతుంది. మరునాడు ఆ పాటనే నల్లబల్ల మీద రాసి, పల్లవిమాట వచ్చిన చోటల్లా గీత గీయమంటే, ఒకటో తరగతి పిల్లలు సైతం దాన్ని ఆకారం చూసి గుర్తుపడతారు. అక్షరమాల వరుసలో గుణింతాలన్నీ అయ్యాక ఎన్నో నెలలకు గాని చేతికి రాని ‘య్యా’ అనే ద్విత్వాక్షరం, అంటే ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా చేరిన అక్షరం, వారికి ఆ మాటలో ముందే పరిచయమవుతుంది. ఇంత పాఠాన్ని లౌడ్‌స్పీకరులో పెట్టిన పాటకు ముందుగా నేర్పిన అడుగులు వేయించే పద్ధతి ఒక్క దెబ్బతో తుడిచిపెడుతుంది, ఎందుకంటే అక్కడ పాడేది స్పీకరు, పిల్లలు కారు.

నాటకీకరణ, అంటే కథను పాత్రలుగా విడదీసి తరగతిలోనే ఆడటం, ఇటువంటిదే. ఆవు, పులి కథను రాసిచ్చిన సంభాషణలతో బట్టీ పట్టిస్తే మూడు నాలుగు పాత్రలతో, ముగ్గురు నలుగురు పిల్లలతో పని ముగుస్తుంది. దూడకు పాలిచ్చి వస్తానని బతిమాలే ఆవు ఏమని అడిగి ఉంటుంది, దూడ ఏమని ఏడ్చి ఉంటుంది, పులి మొదట ఎందుకు నమ్మలేదు అని తరగతిని అడిగితే మాత్రం ఒక్కో పిల్లవాడు ఒక్కో మాట అందిస్తాడు. అది పాలమూరు యాసలోనూ ఉంటుంది, శ్రీకాకుళం యాసలోనూ ఉంటుంది, దాన్ని అక్కడికక్కడే దిద్దవలసిన పని లేదు. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ చేతికి వచ్చిన ఈ కాలంలో, పిల్లవాడు తన ఆలోచనను పూర్తి వాక్యంగా నోటితో చెప్పగలిగే చోటు తరగతిలో ఇదొక్కటే కావచ్చు.

ఇంటి భాష వేరైన పిల్లల విషయంలో ఈ అవసరం ఇంకా పెద్దది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే బడి చెప్పించే ప్రయత్నం చేయడం తెలిసిన చరిత్రే. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో మాతృభాషాధార బహుభాషా విద్య మొదలైనప్పుడు, పాఠాల వరుసకు సాంస్కృతిక పంచాంగం ఆధారమయింది. ఏ నెలలో ఏ పంట, ఏ పండుగ, ఏ వేట, ఏ పాట అన్నది గూడెం పెద్దలను అడిగి పట్టికగా రాసుకుని, పాఠాలను ఆ క్రమంలో అమర్చడమే సాంస్కృతిక పంచాంగం. కాగితం మీద ఇంత అందమైన ఆలోచన మైదాన ప్రాంతపు బడుల్లోకి ఎందుకు రాలేదన్నది అడగవలసిన ప్రశ్న. సంక్రాంతి ముగ్గుల్లోని చుక్కల లెక్క, ఏరువాక నాటి పనిముట్ల పేర్లు, తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి చేసే పీర్ల పండుగ, క్రిస్మస్ నక్షత్రం తయారీ ఒకే పంచాంగంలో చేరితే, ఏ ఒక్క ఇంటి పండుగనో బడి పండుగగా చేసి తక్కిన ఇళ్ళ పిల్లలను ప్రేక్షకులుగా మార్చే పొరపాటు కూడా తప్పుతుంది.

వీటికి సమయం ఎక్కడిదన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. విద్యాహక్కు చట్టం అయిదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు నిర్దేశించి, 60 మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు చాలన్నది. ఆ ఇద్దరూ అయిదు తరగతులు నడపాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి, యాప్‌లలో హాజరు, ఫొటోలు పెట్టాలి. అయితే బహుళ తరగతి బోధనలో, అంటే ఒకే గదిలో రెండు మూడు తరగతులకు కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు, అందరినీ ఒకేసారి పనిలో పెట్టగల ఉపాయాలు పాట, కథ, పేర్పు తప్ప మరెన్నో లేవు. అవి పాఠానికి కేటాయించిన గంటలోనే జరిగితే అదనపు సమయం అక్కరలేదు. సమయాన్ని నిజంగా మింగేది వార్షికోత్సవ సాధన. దాని గురించి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు.

శనివారం బాలసభ, అంటే పిల్లలే నడిపే వారాంతపు సభ, ఇప్పటికీ చాలా బడుల కాలపట్టికలో ఉంది. చాలా చోట్ల అది కాలపట్టికలోనే ఉంది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఉత్తర్వులూ నిధులూ అవసరం లేదు, ప్రధానోపాధ్యాయుల పూనిక చాలు. తరగతి ఉపాధ్యాయులు ఈ నెలలో బాలసభలో ఒక్కసారైనా నోరు విప్పని పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వచ్చే శనివారం సభను ఆ పేర్లతోనే మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు కూడా తమ పిల్ల వేదిక మీద ఎక్కడ నిలబడుతుందని అడగడం మాని, ఈ వారం తరగతిలో ఏ పాట పాడిందో, ఏ కథలో ఏ మాట తాను చేర్చిందో అడగాలి.