అనంతగిరి దిగుడులో బ్రేకు విద్య

గాజువాక పక్కనున్న ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం బైలదిల్లా కొండల నుంచి రైల్లో వస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైను అది. జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేయడానికని 1960ల్లో వేశారు. దారిలో 58 సొరంగాలు. అనంతగిరి కొండల్లోని సిమిలిగుడ దగ్గర పట్టాలు 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి.

ఎక్కడం సరే, బరువుతో దిగడమే అసలు పరీక్ష.

ఇలాంటి ఘాట్‌లో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరిన అమ్మాయికి, ఐటీఐలో ఫిట్టరో ఎలక్ట్రీషియనో చదివొచ్చినా, మళ్లీ ఓనమాలే. సిగ్నల్ కనబడగానే రంగు పైకి పలకాలి. పక్కనున్న లోకో పైలట్ దాన్నే తిరిగి చెప్పాలి. వాలులో గాలి బ్రేకుల మీదే భారమంతా వేస్తే చక్రాలు కాగిపోతాయి. అందుకే మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగాన్ని అణుస్తారు. వానకు చక్రం జారితే పట్టా మీద ఇసుక రాలుస్తారు. అంతటి కరెంటు ఇంజనుకూ చివరికి ఇసుకే దిక్కు!

మహారాష్ట్రలోని సతారా జిల్లా రైతుబిడ్డ సురేఖా యాదవ్ 1980ల చివర్లో ఇలాగే అసిస్టెంట్‌గా మొదలుపెట్టారు. ఘాట్ డ్రైవింగ్ మాత్రం 2010లో గానీ చేతికి రాలేదు. మరుసటి ఏడాదే ఆమె డెక్కన్ క్వీన్ రైలును పుణె నుంచి భోర్ ఘాట్ దించి ముంబై చేర్చారు.