పది అంకెలూ పరదేశం నంబర్లూ

మామిడి సీజన్లో ఫోన్ నంబరు తప్పు పడితే ముందు నష్టపోయేది కాయలే. డాలస్‌లో ఉన్న కొడుకు హైదరాబాదులోని అమ్మానాన్నలకు నూజివీడు చిన్నరసాలు పంపమని ఆర్డరు పెడతాడు. డెలివరీ కుర్రాడు అపార్టుమెంటు కింద నిలబడి ఫోన్ చేస్తాడు. ఎత్తేవాళ్లు లేకపోతే పెట్టె తిరిగి గోడౌనుకు పోతుంది. రెండు రోజులాగి చూస్తే అట్ట అడుగు తడిసి, రసం కారుతుంటుంది. ఇలాంటి ఆర్డర్లకు ఫారాలు తయారుచేసే పని నాది. అందులో నేను ఎక్కువసేపు కూర్చునేది ఫోన్ నంబరు గడి దగ్గరే.

పది అంకెలుంటే చాలనుకుంటే ఒక్క లైను కోడ్‌తో పనైపోతుంది. ఆ లైనును తికమక పెట్టడానికి మా ఊరొక్కటి చాలు. 2022లో నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారినా ఎస్టీడీ కోడ్ 08656గానే ఉంది. సున్నా తీసేస్తే నాలుగంకెలు, ఆ వెనక నంబరు ఆరు. విజయవాడ 866 తర్వాత ఏడు. రెండూ పదే. 6, 7, 8, 9తో మొదలయ్యే సెల్ నంబర్లూ పదే. 8656 చూడగానే సెల్ అనుకుని ల్యాండ్‌లైన్‌కు ఓటీపీ పంపితే ఎవరు చదువుతారు? పోనీ దేశం కోడ్ కదా అని ముందున్న 91 గుడ్డిగా కోసేస్తే, 91తోనే మొదలయ్యే సెల్ నంబరుకు ఎనిమిదంకెలే మిగులుతాయి.

దేశం దాటితే ఎవరి లెక్క వాళ్లది. ఈ.164 ప్రమాణం ప్రకారం దేశం కోడ్‌తో కలిపి 15 అంకెలు మించకూడదు, అంతే. కువైట్, సింగపూర్ నంబర్లు ఎనిమిదంకెలు. దుబాయ్ సెల్ 5తో మొదలై తొమ్మిది. మనం సున్నా తీసేస్తాం, ఇటలీ ల్యాండ్‌లైన్‌కు +39 తర్వాత కూడా సున్నా ఉండాల్సిందే.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఒకరి వల్ల కాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చిన లిబ్‌ఫోన్‌నంబర్ లైబ్రరీ ఆ భారం మోస్తుంది. ఆండ్రాయిడ్ 4.0 నుంచి ఫోన్లలోనూ అదే ఉంది. పొడవు మాత్రం చూసి ‘కావచ్చు’ అంటుంది, ఆ దేశం కేటాయించిన సిరీస్‌లు కూడా చూసి ‘సరైనదే’ అంటుంది. సరైనదే అన్నంత మాత్రాన అవతల ఫోన్ మోగుతుందని కాదు. అమెరికాలో సెల్‌కీ ల్యాండ్‌లైన్‌కీ వేరువేరు సిరీస్‌లు లేవు గనక, ఆ నంబర్లను ‘ల్యాండ్‌లైన్ లేదా సెల్’ అనే రకంలో వేస్తుంది. తేలనిదాన్ని తేలనట్టే చెప్పే ఆ నిజాయితీ నాకు ఇష్టం.

మన ఫారాలకు అది అలవాటు కాలేదు. ఒక దేశం కొత్త సిరీస్ తెరిచిందనుకోండి, పాత జాబితా పట్టుకున్న యాప్ ‘నంబరు చెల్లదు’ అని ఎర్రక్షరాలతో తలుపేస్తుంది. పొడవు సరిపోయి సిరీస్ దగ్గర అనుమానం వస్తే ‘ఒకసారి సరిచూసుకోండి’ అని అడిగి తీసుకోవాలి. ల్యాండ్‌లైన్ అని తేలితే మెసేజ్ మానేసి ఫోనే చేయాలి, ఇంకో నంబరు అడగాలి. ఈ కోడ్‌కు ఒక పూట ఎక్కువ పడుతుంది. ఉన్నదే రెండు మూడు నెలల సీజను, వచ్చిన ఆర్డరును మనమే వెనక్కి పంపుకోవడం కన్నా ఆ పూట చవక.