బొబ్బిలి పేరు ఎక్కడ ఎత్తాలి

సంక్రాంతికి వచ్చిన చుట్టాలు కనుమ వెళ్లగానే పెట్టెలు సర్దడం మొదలుపెడతారు. మా ఇంట్లో మాత్రం ఇంకొక్క రోజు ఆగమంటాను. పధ్నాలుగు సీట్ల వేను మాట్లాడి, పొద్దున్న ఆరున్నరకి విజయనగరం గంటస్తంభం దగ్గర అందర్నీ ఎక్కించుకుంటాను. ముందు కోట, పెద్ద చెరువు. తర్వాత గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలి, గొల్లపల్లి వీణలు, పొద్దువాలే వేళకి నాగావళి మీద తోటపల్లి. రాత్రి భోజనాలకి ఇంటికి చేర్చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఏటా ఇదే దారి.

బళ్లో చరిత్ర చెప్పేవాణ్ణి కాబట్టి ఇదీ అలాంటి పనే అనుకుని దిగాను. క్లాసులో కథని ఎటునుంచి మొదలుపెట్టినా పిల్లలు రాసుకుంటారు. వేనులో వరస తప్పితే రోజంతా పాడవుతుంది. ఆ సంగతి నాకు మొదటి ఏడే తెలిసొచ్చింది. వేను కదలగానే బొబ్బిలి యుద్ధం ఎత్తుకుని, రామభద్రపురం చేరేలోపు బుస్సీ ఫిరంగులు, రంగారాయుడు, మల్లమ్మదేవి, తాండ్ర పాపారాయుడు అన్నీ చెప్పేశాను. చెప్పినంతసేపూ ఊపిరి బిగబట్టి విన్నారు. తీరా బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గర దిగాక అయిదు నిమిషాలు అటూ ఇటూ చూసి, ఫొటోలు తీసుకుని, భోజనం హోటలెక్కడని అడిగారు.

మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలి పక్క పల్లె. ఆ రోజు మా మేనమామ మాకోసం అక్కడికొచ్చి కూర్చున్నాడు. అందరూ వేనెక్కాక నన్ను పక్కకి పిలిచి, "ఏట్రా, మావోళ్లనందర్నీ మీ ఊర్లోనే సంపేసి తెచ్చేసినావా? ఇక్కడ మాకేటి మిగిల్చినావు?" అన్నాడు. మామయ్య పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం ఏటా వేనెక్కేటప్పుడు నాతోపాటు ఎక్కుతుంది. అప్పట్నుంచీ నాకొక నియమం. గజపతినగరం దగ్గర చంపావతి నది దాటేదాకా బొబ్బిలి పేరు ఎత్తను.

పొద్దున్న విజయనగరంలో విజయనగరం పక్షమే చెబుతాను. మనస్ఫూర్తిగా చెబుతాను, మా నాన్న ఊరు అది. పూసపాటి వారు కోటకి శంకుస్థాపన చేసింది 1713లో, విజయదశమినాడు. ఆ ఏడు విజయ నామ సంవత్సరం. పెట్టుకున్న పేరు విజయనగరం. ఇక్కడ పిల్లలెవరైనా ఉంటే ఒక లెక్క ఇస్తాను. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే విజయ మొన్నెప్పుడొచ్చింది? వేళ్లమీద లెక్కేసి 2013 అంటారు. అంటే కోటకి సరిగ్గా మూడువందల ఏళ్లు నిండినప్పుడు. ఆ లెక్క తేలాక కోట గోడని వాళ్లు చూసే చూపు మారుతుంది. లోపల కాలేజీలున్నాయి. పుస్తకాల సంచులతో ఆడపిల్లలు నగారాఖానా ద్వారం కిందనుంచి లోపలికి నడిచిపోతుంటారు. వాళ్లు వెళ్లేదాకా నిలబడి చూడనిస్తాను. రాజుల పేర్ల జాబితా చదవను.

పెద్ద చెరువు దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతాం. కోటలోని విజయరామరాజుకి పైడిమాంబ అని ఒక చెల్లెలు. అన్న యుద్ధానికి బయల్దేరుతుంటే వద్దంది. అన్న వినలేదు. తర్వాత అన్న చావు కబురు విని ఆ పిల్ల ఈ నీళ్లలోనే కలిసిపోయిందని మా ఊరి నమ్మకం. చెరువులోంచి పైకి తీసిన విగ్రహమే ఇవాళ మా ఇలవేల్పు పైడితల్లి. దసరా వెళ్లిన మంగళవారంనాడు చింతమానుతో చేసిన సిరిమాను చివర పూజారి కూర్చుంటాడు. ముందు బెస్తవారి వల, అంజలి రథం, ఏనుగు నడుస్తాయి. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడినుంచి కోటదాకా మూడుసార్లు వెళ్లొస్తాయి. వల ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు. అమ్మవారిని నీళ్లలోంచి తీయడానికి సాయంపట్టింది బెస్తవాళ్లని చెబుతాను. అంతమంది జనంలో, అంత ఎత్తున, మాను కొస ఊగుతుంటే కిందనున్న ఆడవాళ్లు అరటిపళ్లు విసురుతూ కళ్లనీళ్లు పెట్టుకోవడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఆ కన్నీళ్లు ఆ చెల్లెలికోసమే అనుకుంటాను.

ఆ రాజు ఎవరిమీద యుద్ధానికి వెళ్లాడు, ఎవరి చేతిలో పోయాడు అన్నది గట్టుమీద చెప్పను. సినిమా చూసినవాళ్లుంటారు, 1964 నాటి బొబ్బిలి యుద్ధంలో ఎన్టీ రామారావు, భానుమతి, ఎస్వీ రంగారావు కళ్లముందు మెదులుతూనే ఉంటారు వాళ్లకి. వాళ్లు నోరు తెరవబోతే కళ్లతోనే ఆపమంటాను. వేనులో చిన్నవాళ్లకి ఆ సినిమా తెలియదు. పొద్దున్న తొమ్మిదింటికి వాళ్లంతా విజయనగరం మనుషులే. నాకు కావలసింది అదే.

చంపావతి దాటాక యుద్ధానికి కారణాలు మొదలుపెడతాను. వరి కోసేసిన మడుల్లో ఆ నెలలో మినుములు, పెసలు పచ్చగా పరుచుకుని ఉంటాయి. దారిపొడుగునా గెడ్డలు, అంటే చిన్న వాగులు, తగులుతాయి. ఒక గెడ్డ దగ్గర డ్రైవర్‌ని నెమ్మదిగా పోనివ్వమంటాను. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు. శిస్తు వసూలుకి వాళ్ల సేనాని బుస్సీ సైన్యంతో వచ్చాడు. సర్కారు గుత్తకి తీసుకున్న విజయరామరాజు అతని పక్కన నిలిచాడు. బొబ్బిలి రాజు రంగారాయుడితో ఈ విజయరామరాజుకి పాత పగ. ఆ పగకి పాత చరిత్రకారులు రాసిన కారణాల్లో నీళ్ల తగాదా ఒకటి. పొరుగు ఏరుల నీళ్లు బొబ్బిలివాళ్లు తమ పొలాలకి మళ్లించుకునేవారని విజయనగరం ఫిర్యాదు. గెడ్డని చూపిస్తూ ఈ మాట చెబితే, ఊళ్లో భూములున్న మా బావగారు వెంటనే, "ఆహా, అదన్నమాట," అంటారు. రాజ్యాల పగ ఎంత చెప్పినా తలకెక్కనివాళ్లకి కూడా కాలవ గట్టు తగాదా ఒక్క మాటలో అర్థమవుతుంది.

బొబ్బిలి స్తంభం దగ్గర ముందు నేను మాట్లాడను. ఎవరికి వాళ్లని దాని చుట్టూ తిరగనిస్తాను. 1891లో బొబ్బిలి రాజావారు నిలబెట్టిన రాతి స్తంభం అది, యుద్ధం జరిగిన చోట. కొంచెంసేపటికి వాళ్లే నా దగ్గరికి వస్తారు. అప్పుడు చెబుతాను. 1757 జనవరి 24. తెల్లారకముందు మొదలై మధ్యాహ్నందాకా సాగింది. కోట నిలవదని తేలాక లోపలివాళ్లు ఇళ్లకి నిప్పు పెట్టి, ఆడవాళ్లనీ పిల్లల్నీ తమ చేతులతోనే చంపుకున్నారు. రంగారాయుడు పోయాడు. రాజాంలో ఉండిపోయిన బొబ్బిలి వీరుడు పాపారాయుడు ఆలస్యంగా వచ్చి బూడిద చూశాడు. మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి దూరి పొడిచి చంపాడు.

ఆ ఆఖరి మాట దగ్గర ఆగుతాను. పొద్దున్న చెరువు గట్టున చెల్లెలు వద్దన్న అన్న ఈయనే. ఎవరికి వాళ్లు గ్రహిస్తారు, ముఖాల్లో తెలుస్తుంది. ఒక ఏడాది హైదరాబాదునుంచి వచ్చిన మా చెల్లెలి కోడలు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇప్పుడు ఎవరికోసం ఏడవాలి మావయ్యగారూ?" అంది. బదులు చెప్పలేదు. మా డ్రైవర్ ఎన్నేళ్లుగానో నాతో వస్తున్నాడు. నా మౌనం ఎంతసేపుంటుందో అతనికి తెలుసు, అంతసేపూ వేను తాళం తిప్పడు. ఒకసారి కొత్త డ్రైవర్ వచ్చి, "మేస్టారూ, మాటాడకుండా కూకున్నారేటి, ఒంట్లో బాగులేదేటి?" అని కంగారుపడ్డాడు.

మూడేళ్ల కిందట మావాడి దగ్గరికి గ్లాస్గో వెళ్లినప్పుడు నన్నూ ఇలాంటి వేనెక్కించారు. ఒక్క రోజులో సరస్సులు, లోయలు, కోటలు చూపించే ప్రయాణం. నడిపేవాడే చెప్పేవాడు, చెవికి మైకు. లోమండ్ సరస్సు పొడుగునా పాటలు, పిట్టకథలు గలగలా చెప్పాడు. చిత్తడి బయలు దాటి గ్లెన్‌కో లోయలోకి దిగుతుండగా మైకు ఆపేశాడు. రెండు వైపులా కొండలు మీదపడుతున్నట్టున్నాయి. అక్కాచెల్లెళ్లు అని పిలిచే మూడు కొండల ఎదుట బండి ఆపి, దిగమని చెయ్యి చూపించాడు. అందరం గాలికి వణుకుతూ నిలబడ్డాక చెప్పాడు. 1692 ఫిబ్రవరిలో రాజు సైనికులు మెక్‌డొనాల్డుల ఇళ్లలో అతిథులుగా దిగారు. పన్నెండు రోజులు వాళ్ల తిండి తిన్నారు. పదమూడో తేదీ తెల్లవారుజామున లేచి వాళ్లనే చంపారు. నా పక్కనున్న ఎవరూ కదల్లేదు. ఆ మైకు ఎక్కడ ఆపాలో అతనికి ఎవరు నేర్పారో గాని, నాకు మా మామయ్య గుర్తొచ్చాడు.

ఆ దేశంలో ఈ పని నేర్పడానికి చదువుంది, పరీక్షలున్నాయి, నెగ్గినవాళ్లకి నీలం బిళ్ల ఇస్తారు. వాళ్ల కలోడెన్ యుద్ధం 1746లో, మన బొబ్బిలికి పదకొండేళ్ల ముందు. అక్కడ రాళ్ల స్మారకం పేర్చింది 1881లో, మన స్తంభానికి పదేళ్ల ముందు. రెండు నేలలకీ పోలిక ఇంత దగ్గరగా ఉన్నా, అక్కడికి బళ్లకొద్దీ జనం వస్తారు. మన స్తంభం దగ్గర ఏ ఏడు చూసినా మా వేను ఒక్కటే. శ్రీకాకుళం వైపు కూడా అంతే. వంశధార ఒడ్డున శాలిహుండంలో 1919లో గిడుగు రామమూర్తి గారు కనుక్కున్న బౌద్ధ స్తూపాలున్నాయి, పైకెక్కితే నదీ సముద్రమూ రెండూ కనిపిస్తాయి. చెప్పే మనిషి లేక జనం ఇటుకలు చూసి దిగిపోతారు. మన కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకి ఈ చెప్పే విద్య కూడా నేర్పితే, ఒక్కో ఊరికి ఇద్దరు చొప్పున తయారైనా చాలు. ఇది నా గట్టి కోరిక. జంగం కథలవాళ్లు బొబ్బిలి కథని ఊరూరా మోసుకెళ్లిన నేల ఇది. ఈ విద్య మనకి కొత్తది కాదు.

స్తంభం దగ్గర్నుంచి తిన్నగా భోజనానికి తీసుకెళ్లను. గొల్లపల్లిలో వీణలు చేసే సర్వసిద్ధి వారి ముంగిట కూర్చోబెడతాను. అక్కడ చెప్పేది వాళ్లే. పనస దుంగని బాడిసతో చెక్కుతుంటే పసుపుపచ్చ పేళ్లు వచ్చి మన కాళ్లమీద పడతాయి, పచ్చి వాసన. కుండ, దండి, యాళి తల అన్నీ ఒకే మానులోంచి రావాలి, ఎక్కడా అతుకుండకూడదు. అందుకే ఏకాండి వీణ. కుండ లోపల తొలుస్తూ మధ్యమధ్య వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గుతారు. నల్లటి మైనం మీద ఇరవైనాలుగు మెట్లు కూర్చడం ఆఖరి పని. ఒక్కో మెట్టు పెట్టి, తీగ మీటి, మళ్లీ మైనం మెత్తబరిచి వెంట్రుకవాసి జరుపుతారు. పోయినసారి అలా ఒక్క మెట్టు కుదరడానికి పట్టినంతసేపూ మావాళ్లు ఒక్క ఫోనూ తీయలేదు. స్తంభం దగ్గర బిగుసుకున్న మనుషులు ఆ ముంగిట్లో నెమ్మదిగా సర్దుకుంటారు.

ఈ ఏడు మా చెల్లెలి మనవరాలు కూడా వచ్చింది. అయిదో తరగతి. స్తంభం దగ్గరే నా చొక్కా లాగి, "తాతయ్యా, పిల్లలెవ్వరూ మిగల్లేదా?" అని అడిగింది. తోటపల్లిలో చెబుతానన్నాను. గొల్లపల్లిలో మళ్లీ అడిగింది. భోజనం దగ్గర మళ్లీ అడిగింది.

తోటపల్లి చేరేసరికి ఎండ పడమటి కొండలమీదికి జారింది. వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చి నాగావళి గట్టున కూర్చున్నాం. నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. అప్పుడు చెప్పాను. ఒక ముసలాయన రంగారాయుడి కొడుకుని దాచి, తీసుకొచ్చి ఒక ఫ్రెంచి సేనాని చేతుల్లో పెట్టాడని రాబర్ట్ ఓర్మ్ తన చరిత్రలో రాశాడు. తండ్రి ఆజ్ఞ మీరి కాపాడాడట. ఆ పిల్లాడే చినరంగారాయుడు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు చనిపోయాక, కంపెనీవాళ్లు బొబ్బిలిని ఇతనికి తిరిగిచ్చారు.

పిల్ల వేళ్లు మడిచి లెక్కేసింది. "ముప్పై ఏడేళ్లు తాతయ్యా. అన్నాళ్లూ ఎక్కడున్నాడు?"

"చాలా చోట్ల. కొన్నాళ్లు విజయనగరం కోటలో బందీగా ఉన్నాడు."

"పొద్దున్న మనం చూసిన కోటా?"

"ఆ కోటే."

తిరిగొచ్చేటప్పుడు వేనులో అందరూ నిద్రపోయారు. రాత్రి కోట పక్కనుంచి వస్తుంటే ఆ పిల్ల లేచి, కిటికీ అద్దం పక్కకి జరిపి, గోడ అయిపోయేదాకా చూస్తూ కూర్చుంది.